పార తగలని మట్టి

పోయిన వారం మనం కుంచెమ్మను గోతి అంచున, మోకాళ్ళ మీద వదిలేశాం. ప్రార్థన మందిరం నేల కుంగి, గోడలు బీటలు వారుతున్నాయని పునాది పని మొదలుపెట్టారు. ఊరు పుట్టినప్పటి నుంచీ ఎవరూ కదపని సమాధి రాతిని గొలుసు కప్పీతో లేపి పక్కన పెట్టారు. ఆ రాతి కింద నడిచొచ్చినాయన నిద్రపోతున్నాడని ఊరి నమ్మకం. ఎక్కడి నుంచో కొండలూ నదులూ దాటి కాలినడకన వచ్చి, ఇక్కడ ఆగి, తగువులాడుకునే జనానికి మంచీ చెడ్డా నేర్పి, ఇక్కడే కన్నుమూసిన మహానుభావుడాయన. కుంచెమ్మ మట్టిని పొరపొరగా తుడిచి చూసింది. ఎముక లేదు. బూడిద లేదు. పెట్టె చెక్క లేదు. అంతకన్నా ఘోరం, అక్కడ ఒకప్పుడు గొయ్యి తీసిన ఆనవాలే లేదు. ఆ మట్టికి అంతకు ముందెప్పుడూ పార తగల్లేదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అయినా ఊరికి పాకింది. మేస్త్రి మొహం చూసి అతని భార్య కనిపెట్టింది. ఆమె మొహం చూసి రొట్టెల కొట్టువాడు కనిపెట్టాడు. ఇక ఊళ్ళో దాగేదేముంది? ఎవరూ బయటపడి అడగలేదు గానీ, కుంచెమ్మ వీధిలో నడుస్తుంటే మాటలు ఆగిపోయేవి. ఆమె దాటాక మళ్ళీ మొదలయ్యేవి, కాస్త గొంతు తగ్గించి.

ఆమెకు ఆ ముద్దుపేరు పెట్టింది కూడా ఊరే. పురావస్తు శాఖలో పని. చేతిలో ఎప్పుడూ ఒక కుంచె. "ఇంట్లో చీపురు పట్టదు గానీ, ఊరి దుమ్మంతా కుంచెతో ఊడుస్తుంది మా కోడలు" అని అత్తగారు కొత్తలో అందరి దగ్గరా నవ్వుతూ అనేది. కొడుకు ఎక్కిన ఓడ మునిగాక ఆ నవ్వు పోయింది. మాట మాత్రం మిగిలింది.

రాయి లేచిన తర్వాత ఊరికి ఇంకో జబ్బు పట్టుకుంది. మొదట చెప్పింది ఇస్త్రీ దుకాణం ఆవిడ. పొద్దువాలే వేళ షట్టరు దించుతుంటే వీధిలో ఎవరో నడిచిపోతున్న చప్పుడు వినిపించిందట. తల తిప్పి చూస్తే పిట్ట లేదు. చప్పుడు మాత్రం మందిరం వైపు నుంచి ఊరి బయటికి పోతోందట, తొందర లేకుండా, ఆగకుండా. మర్నాడు రొట్టెల కొట్టువాడు తనకీ వినిపించిందన్నాడు. ఆ తర్వాత వినపడని ఇల్లు లేదు. "నడిచొచ్చినాయన నడిచి వెళ్ళిపోతున్నాడు" అని ఎవరన్నారో గానీ, ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. సాయంత్రమైతే చాలు, పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులు దగ్గరికి వేసుకోవడం మొదలుపెట్టారు.

కుంచెమ్మకు నవ్వు రావాలి. రాలేదు. బతికి చచ్చినవాడు దయ్యమై తిరుగుతున్నాడంటే, పోనీలే పాపం అని ఊరుకోవచ్చు. అసలు పుట్టనే పుట్టనివాడు ఎలా తిరుగుతాడు? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా ఆమెకు వీపు మీద చల్లటి చెయ్యి ఆనినట్టుండేది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

ఆ రోజు మధ్యాహ్నం వాన పట్టింది. మందిరంలో బల్లలన్నీ గోడల వారగా జరిపి, పైన ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. సమాధి రాయి చెక్క దిమ్మెల మీద పక్కకు ఒరిగి పడుకున్న పెద్ద జంతువులా ఉంది. తరతరాల చేతులు తడిమి నున్నబరచిన పైభాగం అందరికీ తెలుసు. దాని అడుగు ఇప్పుడే బయటపడింది. గరుకుగా, ఉలి దెబ్బలతో, ఒక్క అక్షరం కూడా లేకుండా. కుంచెమ్మ ఆ అడుగువైపు చూడకుండా దాటి పక్క గదిలోకి వెళ్ళింది. అక్కడ మాస్టారు ఎదురుచూస్తున్నాడు.

మాస్టారు ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవాడు. ఇప్పుడు మందిరం బాగోగులు చూసే పెద్ద. ఊళ్ళో సగం మంది ఆయన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే. ఫ్లాస్కులోంచి టీ వంపి ఆమె ముందుకు జరిపాడు.

"సాయంత్రం జనమంతా మెట్ల దగ్గరికి వస్తున్నారమ్మా. నువ్వే చెప్తావని మాటిచ్చేశాను. ఏం చెప్పబోతున్నావు?"

"ఉన్నది చెప్తాను మాస్టారూ."

"ఏముందక్కడ?"

"ఏమీ లేదు. అదే చెప్తాను."

ఆయన టీ గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పాడు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

"ఇంకోచోట పెట్టి ఉండొచ్చుగా? పైన రాయి గుర్తుకోసం పెట్టారేమో?"

"అనుకోవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆయన పేరు చెక్కిన రాళ్ళన్నీ వెతికాను మాస్టారూ. అన్నిట్లోకీ పాతది కూడా, ఆయన పోయాడని మనం చెప్పుకునే కాలానికి ఎన్నో తరాల తర్వాత చెక్కింది. ఆయన్ని కళ్ళారా చూశామన్నవాళ్ళ రాయి ఒక్కటీ లేదు. నది దాటుతుంటే నీళ్ళు పక్కకు తప్పుకోవడం, ఎండిన చెట్టుకింద కూర్చుంటే చిగుళ్ళు రావడం, ఈ కథలే ఇంకో రెండు ఊళ్ళలో ఇంకెవరి గురించో చెప్తారు. మన ఊరి కన్నా ముందు నుంచీ చెప్తారు."

"అంటే మనవాళ్ళు అరువు తెచ్చుకున్నారంటావు."

"దొంగతనం అనడం లేదు. కావలసొచ్చింది, చెప్పుకున్నారు. చెప్పగా చెప్పగా మనిషయ్యాడు."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. బెదిరింపు లేదు. అలసట ఉంది.

"నలభయ్యేళ్ళు పిల్లలకి సున్నా గురించి చెప్పానమ్మా. సున్నా అంటే ఏమీ లేదనే కదా? కానీ ఒక అంకె పక్కనున్న సున్నాని చెరిపేసి చూడు. ఆ అంకె విలువ ఎంతకి పడిపోతుందో. ఈ ఊరంతా ఆయన పక్కన నిలబడ్డ అంకెలు. కొట్టుకు చచ్చే అన్నదమ్ములు ఆ రాతి మీద చెయ్యేసి రాజీపడ్డారు. నేను చూశాను. నువ్వు చెరిపేది ఆయన్ని కాదు."

కుంచెమ్మ గ్లాసు కింద పెట్టింది. 

"సున్నాని సున్నా అనే కదా మాస్టారూ మాకు నేర్పారు. ఒకటి అని నేర్పలేదుగా."

ఆయన మొహంలో నవ్వు లాంటిది మెరిసి మాయమైంది. "బాగా చదువుకున్న పిల్లతో ఇదే చిక్కు" అంటూ ఏదో చెప్పబోయాడు. అంతలో మేస్త్రి తలుపు తోసుకుని వచ్చాడు. ఒళ్ళంతా మట్టి. 

"అమ్మగారూ, మీరొకసారి రావాలి. మీ అత్తగారు..."

"ఏమైంది?"

"వెనక తలుపు దగ్గరికొచ్చి, కప్పే గుడ్డకి కొలత తీసుకోవాలన్నారు. ఎప్పుడూ వచ్చే మనిషే కదాని లోపలికి రానిచ్చా. సిమెంటు బస్తాల మీద పట్టా కప్పి వచ్చేలోపల గోతిలోకి దిగిపోయారు. పడుకున్నారండీ. లేవమంటే లేవట్లేదు."

అత్తగారిది దర్జీ పని. ఎదురుగా నిలబడ్డ మనిషి భుజం వెడల్పు టేపు పెట్టకుండానే చెప్పేస్తుంది. సమాధి మీద కప్పే గుడ్డ పాతబడినప్పుడల్లా కొత్తది కుట్టేది ఆవిడే. కొడుకు పోయాక బయటి పనులన్నీ మానేసింది గానీ, ఆ ఒక్క పని వదల్లేదు. రోజూ సాయంత్రం మందిరానికొచ్చి, రాతి పక్కన చాప వేసుకుని, అంచులు కుడుతూ కూర్చునేది. కుట్టిన అంచే మళ్ళీ విప్పి కుడుతోందని కుంచెమ్మ గమనించింది. గమనించి ఊరుకుంది. దుఃఖానికి ఏదో ఒక పని ఉండాలి కదా అనుకుంది.

ఇప్పుడు ఆవిడ గోతి అడుగున వెల్లకిలా పడుకుని ఉంది. ఛాతీ లోతు గొయ్యి. చేతులు రెండూ పక్కలకు చాపి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని. ఒంటి మీద శాలువా సరిగ్గా సర్దుకుంది. చెప్పులు గోతి అంచున జతగా విప్పి పెట్టింది.

కుంచెమ్మ గోతి అంచుకు పరుగెత్తింది. "అత్తయ్యా!"

"అరవకు. బతికే ఉన్నా" అంది ఆవిడ కళ్ళు తెరవకుండా. "ఖాళీగా ఉందటగా. ఇప్పుడు లేదు. మేస్త్రిని రాయి దించమను."

మేస్త్రి కుంచెమ్మ చెవి దగ్గరికి వంగాడు. "వానకి అంచులు నానిపోతున్నాయమ్మగారూ. ఆ పక్క గోడ పునాది కింద మట్టి తీసేసి ఉంది. జారిందంటే మనిషి దక్కదు. మాటలతో కాలయాపన చెయ్యకండి."

మాస్టారు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కుంచెమ్మ నిచ్చెన మీదుగా దిగింది. ఇన్ని రోజులుగా తనే తవ్విన చోటు, చేతివేళ్ళకు అలవాటైన మట్టి. అయినా అడుగు పెడుతుంటే ఎవరింట్లోకో చెప్పకుండా వెళ్తున్నట్టనిపించింది. అత్తగారి తల పక్కన గొంతుక్కూర్చుంది.

"లేవండి అత్తయ్యా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడితే నువ్వు వింటావా? పుస్తకాలు ముందేసుకుని ఊఁ కొడతావు. ఇక్కడైతే వింటావు. మట్టి చెప్పింది వింటావు కదా నువ్వు." ఆవిడ కళ్ళు తెరిచింది. "నిజం చెప్పు. ఆయన అసలు పుట్టలేదంటావా?"

అబద్ధమాడడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. పైన నానుతున్న మట్టి. కింద డెబ్బై దాటిన మనిషి. ఒక్కమాట అంటే లేస్తుంది. కుంచెమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"పుట్టాడనడానికి నాకేమీ దొరకలేదు అత్తయ్యా. పుట్టలేదనే అనుకుంటున్నాను."

"గొయ్యి లేదు కాబట్టి మనిషి లేడు."

"అదొక్కటే కాదు..."

"అదొక్కటే చెప్పు నాకు." ఆవిడ మోచేతి మీద కాస్త లేచింది. "వెనక పెరట్లో గోడ పక్కన నా కొడుక్కి నేను రాయి పెట్టించాను. దాని కింద ఏముంది?"

కుంచెమ్మ చూపు మట్టి మీదికి దించుకుంది.

"నువ్వే చెప్పు. నీ మొగుడి రాయే కదా. దాని కింద ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదు. సముద్రం ఒక్క వేలు కూడా తిరిగివ్వలేదు. పోనీ వాడి చొక్కా ఒకటైనా పెడదామన్నారు అందరూ. నేనే వద్దన్నా. వస్తే వేసుకోవడానికి ఉండాలిగా. మీకు పిల్లలు కూడా లేరాయె. నేను పోతాను, నువ్వూ ఒకరోజు పోతావు. ఆ తర్వాత నీలాంటిదే ఇంకొకతె కుంచె పట్టుకుని వస్తుంది. రాయి లేపుతుంది. మట్టి తుడిచి చూస్తుంది. 'ఇక్కడెవరూ లేరు, ఎవరో ముసల్ది కొడుకున్నాడని కల్పించుకుంది' అంటుంది. అంటుందా, అనదా?"

ఆ మాట కుంచెమ్మకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నేళ్ళ చదువులో, పెద్ద పెద్ద వాళ్ళ ముందు నిలబడి వాదించిన సభల్లో, ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. తన పద్ధతి ప్రకారమే నడిస్తే, తన భర్త కూడా లేనివాడే అవుతాడు. ఆయన చిటికెన వేలి గోరు, నిద్రలో పళ్ళు కొరకడం, ఉప్పు ఎక్కువైతే కనుబొమ్మ ఎత్తడం, అన్నీ.

"అంటుంది" అంది చివరికి. "ఇక్కడెవరూ లేరు అన్నంత వరకూ ఆమె చెప్పింది నిజమే అవుతుంది అత్తయ్యా. కల్పించుకున్నారు అంటే మాత్రం తప్పు. ఆ రెండో మాట తొందరపడి అనకూడదని నేను రోజూ నాకే చెప్పుకుంటాను. కానీ మీ అబ్బాయిని నేను చూశాను. మీరు కన్నారు. నడిచొచ్చినాయన్ని చూశామన్నవాళ్ళు ఎవరూ లేరు. తేడా అదొక్కటే. అది చిన్న తేడా కాదు."

పైనుంచి ఒక మట్టిపెళ్ళ జారి అత్తగారి శాలువా మీద పడింది. మేస్త్రి "అమ్మగారూ" అని మూలిగాడు. ఆవిడ పెళ్ళను చేత్తో దులిపేసుకుంది, కుట్టుపనిలో దారం ముక్క దులుపుకున్నట్టు.

"తేడాలు నాకెందుకే" అంది నెమ్మదిగా. ఆ గొంతు మారింది. దెబ్బలాట పోయింది. "ఆయన ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నా గొడవ అది కాదు. నువ్వు రాయి లేపిన రోజు నుంచి వాడు రావడం మానేశాడు."

"ఎవరు?"

"ఎవరేంటి. నా కొడుకు."

వాన ఒక్కసారి హోరెత్తింది. గుమ్మం దగ్గర మాస్టారు తల వంచుకున్నాడు.

"రోజూ సాయంత్రం వచ్చేవాడు. నేను అంచు కుడుతుంటే వెనక నుంచి నడిచొచ్చి, ఆ స్తంభం దగ్గర ఆగేవాడు. మాట్లాడడు. నేనూ తిరిగి చూడను. చూస్తే లేడని తెలిసిపోతుందిగా. కాసేపు ఉండి వెళ్ళిపోయేవాడు. నాకదే చాలు. మర్నాడు దాకా బతకడానికి సరిపోయేది. ఇప్పుడు రావట్లేదు. వాడికి దారి ఈ రాయే అయి ఉంటుంది. నువ్వు దారి మూసేశావు. అందుకే ఇక్కడ పడుకున్నా. వాడు రాకపోతే నేనే పోతా."

కుంచెమ్మ కూడా ఒక సంగతి దాచుకుంది. చెప్పకూడదనుకుంది. ఎవరికీ, ముఖ్యంగా ఈవిడకి. నిద్ర చాలక, బెంగ ఎక్కువై చెవులు ఆడుతున్న నాటకం అనుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలనుకుంది. ఇప్పుడు గోతిలో, మోకాళ్ళ కింద చల్లటి మట్టి తడుస్తుంటే, మాట దానంతటదే బయటికి వచ్చేసింది.

"వస్తున్నాడు అత్తయ్యా. నా దగ్గరికి వస్తున్నాడు."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు భుజం వెడల్పు కొలిచే చూపు.

"నన్ను లేపడానికంటున్నావు."

"కాదు."

"మరి ఋజువేంటి?"

జీవితమంతా ఊరివాళ్ళను ఆ ప్రశ్న అడిగింది తను. ఇవాళ సమాధానం చెప్పాల్సింది కూడా తనే.

"రాయి లేపిన రోజు సాయంత్రం మొదలైంది. మనింటి మెట్ల మీద. ఎడమ కాలు ఈడుస్తూ..."

"చిన్నప్పుడు విరిగిన కాలు. ఊరందరికీ తెలుసు. ఇంకోటి చెప్పు."

"మలుపు దగ్గర ఆగి, గోడ మీద అరచేత్తో ఒక్క దెబ్బ..."

"అదీ బతికున్నప్పటి అలవాటే. నువ్వు గుర్తు తెచ్చుకుంటున్నావు, అంతే. వినట్లేదు. బతికుండగా లేనిది ఏదైనా ఉంటే చెప్పు."

కుంచెమ్మ కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడును మళ్ళీ చెవిలోకి పిలిచింది. పిలవడానికి భయమేసింది. అయినా పిలిచింది.

"చెప్పులు లేవు అత్తయ్యా. ఆయన చెప్పులు లేకుండా గడప దిగేవాడే కాదు కదా, అరికాళ్ళు సుకుమారమని మీరు వెక్కిరించేవాళ్ళు. ఇప్పుడు ఉత్తి కాళ్ళు. ఉత్తి కాళ్ళే కాదు, తడి కాళ్ళు. అంటుకుని, విడిపోతున్నట్టు చప్పుడు. మెట్టు మెట్టుకీ. నేను తిరిగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు. తడి కూడా లేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు."

అత్తగారి మొహం ఆమె కళ్ళముందే కరిగిపోయింది.  ఇన్నాళ్ళూ ఆవిడ ఏడవగా కుంచెమ్మ చూడలేదు, ఓడ కబురు వచ్చిన రోజు కూడా. ఇప్పుడు శబ్దం లేకుండా కన్నీళ్ళు చెంపల మీదుగా చెవుల్లోకి జారాయి.

"తడి కాళ్ళ సంగతి నేనెవరికీ చెప్పలేదే" అంది. "మాస్టారికి కూడా చెప్పలేదు. చెప్తే వాడు నీళ్ళలోనే ఉన్నాడని ఒప్పుకున్నట్టవుతుందని."

 తర్వాత ఆవిడ చెయ్యి పైకెత్తింది. కుంచెమ్మ పట్టుకుంది. పైనుంచి మేస్త్రి అందుకున్నాడు. ఆవిడ పాదాలు అంచు మీద ఆనీ ఆనక ముందే గోతి పక్కగోడ మెల్లగా ఒరిగి, ఆవిడ పడుకున్న చోట కుప్పగా కూలింది. నిచ్చెన చివరి మెట్టు మీదున్న కుంచెమ్మను మాస్టారు పరుగున వచ్చి భుజం పట్టి లాగాడు. నలుగురూ ఆ మట్టికుప్పను చూస్తూ నిలబడిపోయారు. 

చివరికి మాస్టారే అన్నాడు. "జనం వచ్చేశారమ్మా. వెనక్కి పంపించెయ్యనా?"

"వద్దు మాస్టారూ. చెప్పేస్తాను."

"ఇంత జరిగాక కూడా అదే మాటా?"

"ఇంత జరిగినా మట్టి మారలేదు కదా."

ఆయన ఆమెను ఒక్కక్షణం చూసి, తనే వెళ్ళి పెద్ద తలుపులు తెరిచాడు.

మెట్ల కింద గొడుగులన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గొడుగు లేనివాళ్ళు సంచులు నెత్తిన పెట్టుకున్నారు. ఇస్త్రీ దుకాణం ఆవిడ ముందు వరసలో ఉంది. కుంచెమ్మ బట్టలకు అంటిన మట్టిని, వెనకే శాలువాతో నిలబడ్డ అత్తగారిని చూసి, జనంలో గుసగుస పుట్టి ఆగింది.

"అమ్మా, మాకు పెద్ద పెద్ద మాటలు అర్థం కావు" అంది ఇస్త్రీ దుకాణం ఆవిడ. "ఒక్క ముక్కలో చెప్పు. ఆయన ఉన్నాడా, లేడా?"

కుంచెమ్మ గొంతు సవరించుకుంది. "ఈ రాయి కింద ఎవరూ లేరు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ లేరు. మా పార తగిలేదాకా ఆ మట్టికి ఏ పారా తగల్లేదు. ఆయన్ని చూసినవాళ్ళు చెక్కించిన రాయి ఒక్కటి కూడా దొరకలేదు. ఇంకెక్కడో ఉన్నాడని మీరు నమ్మొచ్చు. ఆ నమ్మకం మీది. నన్నడిగితే మాత్రం, అలాంటి మనిషి ఎప్పుడూ నడవలేదనే చెప్తాను."

రాళ్ళు పడతాయనుకుంది. తిట్లు పడతాయనుకుంది. ఏమీ పడలేదు. వాన ఒక్కటే పడుతోంది. ఎవరో ఒకతను గొడుగు మూసేశాడు, ఎందుకో తనకే తెలియనట్టు. వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు, కోపం లేకుండా, దారి తప్పినవాళ్ళు అడిగినట్టు అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ మేం ఎవరితో మాట్లాడాం తల్లీ?"

 తెలియదని కుంచెమ్మ చెప్పబోయింది. అంతలో ముంజేతి మీద అత్తగారి వేళ్ళు బిగుసుకున్నాయి. ఆవిడ తల పక్కకు వంచి, ఆమెకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నా దగ్గరికొచ్చినప్పుడు వాడు ఒంటరిగా వచ్చేవాడు కాదు. వెనక ఇంకొకరుండేవాళ్ళు. నిదానంగా, ఆగకుండా, వాణ్ణి నడిపించుకొస్తున్నట్టు. అది ఆయనే అనుకున్నా నేను. లేడంటున్నావుగా. నువ్వే చెప్పు. నీ మెట్ల మీద ఒక్కరి అడుగులేనా?"

కుంచెమ్మ జనం వైపే చూస్తూ నిలబడింది. 

రెండో అడుగులూ వినిపించాయి. మొదటి సాయంత్రం నుంచీ వినిపిస్తూనే ఉన్నాయి. మెట్ల గది ఇరుకు కదా, ప్రతిధ్వని అయి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంది. కానీ ప్రతిధ్వని అయితే, ఆ వెనక అడుగులు కూడా ఎడమ కాలు ఈడవాలి. అవి ఈడవడం లేదు.